తెరమీద పురుగు రైతుకు కనబడుతోందా?
లాం ఫారం శాస్త్రవేత్తలకు బహిరంగ లేఖ



గుంటూరు దగ్గర రైతులు లాం ఫారం అని పిలిచే చోట నిజానికి రెండు సంస్థలున్నాయి. పత్తి పరిశోధన ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, మిరప పరిశోధన డాక్టర్‌ వై.ఎస్‌.ఆర్‌. ఉద్యాన విశ్వవిద్యాలయానిది. ఫిరంగిపురం నుంచో దర్శి నుంచో సంచిలో నాలుగు ముడత ఆకులు వేసుకుని బస్సెక్కే రైతుకు ఆ తేడాతో పనిలేదు. ఎక్కడికని అడిగితే లాం వెళుతున్నా అంటాడు. అందుకే ఈ లేఖ మీ ఇరువురికీ కలిపి.

ఇప్పుడు బస్సెక్కకుండానే సలహా అందుతోంది. తెగులు కనబడగానే రైతు చేతిలో ఫోనే తెరుచుకుంటోంది. యూట్యూబ్‌లో మిరప ముడత అని వెతికితే విశ్వవిద్యాలయాల వీడియోలు, మందుల కంపెనీల వీడియోలు, సొంతంగా చానెల్‌ నడిపే కుర్రాళ్ల వీడియోలు పక్కపక్కనే వస్తాయి. చాలావాటి పద్ధతి ఒకటే. మాట్లాడే మనిషి మొక్క పక్కన నిలబడతాడు, వెనక పచ్చటి చేను గాలికి ఊగుతుంటుంది, కింద మందుల పేర్లు పరిగెత్తుతుంటాయి. వీటిలో రైతు నమ్మకానికి గట్టిగా నిలిచేవి మీవే. కాబట్టి మార్పు కూడా మీ దగ్గరే మొదలవ్వాలి. కోరుతున్నది ఖరీదైన కెమెరాలు కాదు. వీడియో ఎంత స్పష్టంగా తీశామని కాకుండా, చూసే కంటికి ఎంత కనబడుతోందని లెక్క వేయమని.

2021ని గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మొదట్లో ఎడ్లపాడు, ప్రత్తిపాడు, చిలకలూరిపేట వైపు మిరప పూతలో నల్ల తామర పురుగు కనబడింది. శాస్త్రవేత్తలు త్రిప్స్‌ పార్విస్పైనస్‌ అనే ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదటిసారి గుర్తించారు. 2021 వానాకాలం పంటకు వచ్చేసరికి అది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మిరప చేలను చుట్టేసింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు, ఎంతోమంది తోటలు దున్నేసుకున్నారు. రైతులకు అంతవరకూ తెలిసిన తామర పురుగు వేరు. అది లేత పసుపు రంగుది, ఎక్కువగా లేత ఆకుల మీద ఉండి పై ముడత తెస్తుంది. కొత్తది ముదురు రంగుది, పూలలో గుంపులుగా చేరుతుంది. ఈ రెంటినీ వేరుచేసి చూపించడమే ఆ రోజుల్లో ఫోన్‌ వీడియో చేయాల్సిన పని.

ఆ పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. 60 సెంటీమీటర్ల మిరప మొక్క మొత్తం ఫ్రేములో పట్టేలా వీడియో తీశారనుకుందాం. రైతు ఫోన్‌ తెర 6.5 అంగుళాలదైతే దాని వెడల్పు 68 మిల్లీమీటర్లకు మించదు. పొలంలో, బడ్డీకొట్టు దగ్గర, అరుగు మీద ఎక్కడ చూసినా ఫోన్‌ను నిలువుగానే పట్టుకుంటారు కాబట్టి అడ్డంగా తీసిన వీడియో ఆ 68 మిల్లీమీటర్లలో ఇరుక్కుని 38 మిల్లీమీటర్ల ఎత్తుకు కుదించుకుపోతుంది. 60 సెంటీమీటర్ల మొక్క 38 మిల్లీమీటర్లయితే 1 మిల్లీమీటరు పురుగు తెరమీద 0.06 మిల్లీమీటరు అవుతుంది.

కన్ను ఎంత సన్నటి తేడాను పట్టగలదో 1862లో హాలండ్‌లోని యూట్రెక్ట్‌ నగరపు కంటి వైద్యుడు హెర్మన్‌ స్నెలెన్‌ తన అక్షరాల పట్టికతో ఒక కొలతకు తెచ్చాడు. కంటి ఆసుపత్రి గోడ మీద ఇప్పటికీ వేలాడేది ఆ పట్టిక వారసురాలే. 6/6 చూపు అంటే ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో ఉన్న గీతను విడిగా చూడగలగడం. ఫోన్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది తెరమీద 0.12 మిల్లీమీటరుకు దగ్గరగా వస్తుంది. మన పురుగు అందులో సగమే. అంటే మంచి చూపున్న పాతికేళ్ల కుర్రాడికి కూడా ఆ వీడియోలో పురుగు కనబడదు. 4కె కెమెరాతో తీసినా కనబడదు, ఎందుకంటే తెరమీద దాని సైజు మారదు. అదే కెమెరాను దగ్గరకు తీసుకెళ్లి, 3 సెంటీమీటర్ల మేర మాత్రమే ఫ్రేములో ఉండేలా పువ్వును నింపితే పురుగు తెరమీద 1.27 మిల్లీమీటర్లవుతుంది, ఇరవై రెట్లు. ఇది 480 గీతల రిజల్యూషన్‌లో చూసినా కనబడుతుంది.

రిజల్యూషన్‌ గురించి మనం పెట్టుకున్న ఆశలన్నీ ఈ లెక్క ముందు చిన్నబోతాయి. నిలువు ఫోన్‌లో 38 మిల్లీమీటర్ల ఎత్తున్న వీడియోను 40 సెంటీమీటర్ల నుంచి చూస్తే, 6/6 కన్ను అందులో దాదాపు 330 అడ్డు గీతలను మించి విడదీయలేదు. 1080 గీతల వీడియో పెట్టినా చూసేది 330 మేరకే. 720 పిక్సెళ్ల వెడల్పున్న చవక ఫోన్లయితే ఆ చోటులో చూపించేదే 405 గీతలు. మిగతాదంతా రైతు డేటా ప్యాక్‌లోంచి కరిగిపోయే ఖర్చు. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే లెక్క మెరుగవుతుంది. వీడియో ఎత్తు 68 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, కన్ను 580 గీతల దాకా పట్టగలదు. ఫోన్‌ తిప్పి చూడండి అన్న ఒక్క మాట వీడియో మొదట్లో చెబితే కెమెరా మార్చినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది. లేదంటే వీడియోనే నిలువుగా తీయండి. ఒక కొమ్మ, ఒక పువ్వు చూపించడానికి నిలువు ఫ్రేము చక్కగా సరిపోతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌ పెట్టినప్పుడు, నెట్‌వర్కుల మీద భారం తగ్గించడానికి యూట్యూబ్‌, నెట్‌ఫ్లిక్స్‌, హాట్‌స్టార్‌ వంటి సంస్థలు మన దేశంలో మొబైల్‌ డేటా మీద వీడియోను 480కి పరిమితం చేశాయి. కోట్లమంది ఫోన్లలో సినిమాలు అలాగే చూశారు. సినిమాలో మనిషి ముఖం తెరనిండా ఉంటుంది కాబట్టి ఎవరికీ పెద్ద లోటనిపించలేదు. పురుగుకూ తెరమీద అలాంటి చోటే ఇవ్వాలి.

ఇదంతా 6/6 చూపున్నవాళ్ల లెక్క. మిరప, పత్తి చేలలో నిర్ణయాలు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లు. కంటిలోని కటకం వయసుతో బిగుసుకుపోతుంది. ఇరవై ఏళ్లప్పుడు 10 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకున్నా కనబడే అక్షరం, నలభై ఏళ్లకు 22 సెంటీమీటర్లకు, యాభైకి 40 సెంటీమీటర్లకు జరిగితే తప్ప తేటపడదు. ఇది చత్వారం. రోగం కాదు, అందరికీ వచ్చేదే. చత్వారం వచ్చినవాళ్లు ఫోన్‌ను చేయి చాపి చూస్తారు. దూరం పెరిగేకొద్దీ తెరమీద ప్రతిదీ కంటికి చిన్నదవుతుంది. దగ్గరకు తెస్తే మసకబారుతుంది. అద్దాలు లేక ఆ చూపు 6/12కు, అంటే సగానికి పడిపోయిన రైతుకు నిలువు ఫోన్‌లో అందేది 165 గీతలే. యూట్యూబ్‌లో అట్టడుగున ఉండే 144కీ, మీరు కష్టపడి ఎక్కించిన 1080కీ గీతల లెక్కలో ఆయనకు పెద్ద తేడా ఉండదు.

ఇక మందు మోతాదు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

స్పైనోశాడ్‌ లీటరు నీటికి 0.3 మి.లీ. అని తెర అడుగున వేస్తారు. ఆ అక్షరాల ఎత్తు ఫ్రేములో ముప్పయ్యో వంతు ఉంటే ఫోన్‌ మీద 1.3 మిల్లీమీటర్లు. అందులో సున్నాకూ మూడుకూ మధ్య ఉన్న చుక్క మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మంచి కంటికే అది అంచు మీద ఉన్న సైజు. పైగా వీడియోను కుదించే పద్ధతులు మొదట చెరిపేది ఇలాంటి సన్నటి చుక్కలనే. చుక్క పోతే 03 మిగులుతుంది, చదివేవాడు దాన్ని 3 అనుకుంటాడు. మోతాదు పదింతలు. డబ్బు పోతుంది, పైరు మాడుతుంది, పిచికారీ చేసే కూలీ ఒంటికీ ప్రమాదం. తెలుగు లిపికి ఇంకో చిక్కుంది. ద, ధ, థ ఒకదాన్నుంచి ఒకటి వేరయ్యేది చిన్న గీతతో, చుక్కతో. థయామెథాక్సామ్‌ వంటి పేర్లు పరిగెత్తే అక్షరాల్లో చదవడం కష్టం. పేరు సగం చదివి దుకాణానికి వెళితే అక్కడ చేతికి వచ్చేది ఇంకేదైనా కావచ్చు.

కాబట్టి మోతాదును పరిగెత్తించకండి. తెరంతా ఖాళీ చేసి, తెల్లటి నేపథ్యం మీద నల్లటి పెద్ద అక్షరాలతో, పది సెకన్లు నిలిపి ఉంచండి. 0.3 మి.లీ. అని ఒక్క లీటరుకే చెప్పి ఆపకుండా, రైతు నిజంగా కలిపే ట్యాంకు లెక్కలో, 10 లీటర్లకు 3 మి.లీ. అని కూడా వేయండి. చుక్క అవసరమే తప్పిపోతుంది. నోటితోనూ రెండుసార్లు చెప్పండి. చూపు తడబడినచోట చెవి ఆదుకుంటుంది.

రంగుల సంగతి మీకు కొత్తగా అనిపించవచ్చు. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సన్నగా రంగుల తేడాను పట్టదు. వీడియో ఫార్మాట్లు తయారుచేసినవాళ్లు దీన్ని వాడుకున్నారు. యూట్యూబ్‌ వీడియోల్లో వెలుగు సమాచారం పూర్తిగా ఉంటే, రంగు సమాచారం నిలువుగా సగం, అడ్డంగా సగం, మొత్తం మీద నాలుగో వంతే ఉంటుంది. మామూలు దృశ్యాల్లో ఇది తెలియదు. పచ్చటి ఆకు మీద ఎర్రటి అక్షరాలు వేస్తే మాత్రం అంచులు అలుక్కుపోతాయి. మన వ్యవసాయ వీడియోల్లో ఎక్కువగా కనబడేది సరిగ్గా ఈ జోడీయే. దానికితోడు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని లోపం ఆడవాళ్లకంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. ఆ లోపం తమకుందని చాలామందికి తెలియనే తెలియదు.

గాలి కూడా శత్రువే. వీడియోను కుదించేటప్పుడు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మారిన భాగాన్నే కొత్తగా పంపుతారు. గాలికి ఊగే పత్తి చేనులో ప్రతి ఆకూ ప్రతి క్షణం మారుతుంది. పంపగలిగిన సమాచారమంతా వెనకున్న ఆకులకే ఖర్చయిపోయి, ముందున్న పువ్వు మసకబారుతుంది. పువ్వును తుంచి అరచేతిలో పెట్టి, లేదా మీరు పొలంలో లెక్కింపుకు చేసేటట్టే తెల్ల కాగితం మీద దులిపి చూపిస్తే కదలని తెలుపు మీద కదిలే నల్ల చుక్కలొక్కటే మిగులుతాయి. ఏ ఫోన్‌లోనైనా, ఎంత తక్కువ సిగ్నల్‌లోనైనా అవి కనబడతాయి.

ప్రతి పురుగునూ పురుగుగానే చూపించాలని పట్టుపట్టనక్కర్లేదు. మిరప నల్లి మిల్లీమీటరులో ఐదో వంతుకు మించదు. దాన్ని భూతద్దం లేకుండా వెతికించడం దండగ. అది తెచ్చే కింది ముడతకు ఆకు తిరగేసిన పడవలా వంగుతుంది, ఆ ఆకారం ఎంత పాత ఫోన్‌లోనైనా తెలుస్తుంది. పత్తిలో గులాబీ రంగు పురుగు మొగ్గలో దాక్కుంటుంది, కానీ అది చేరిన పువ్వు విచ్చుకోక గుడ్డి పువ్వయి దూరం నుంచే కనబడుతుంది. పచ్చదోమ పిల్లలు ఆకు అడుగున అడ్డంగా నడుస్తాయి. ఆ నడకే దాని గుర్తు, ఫొటోలో దొరకని గుర్తు. అది చూపించడానికి స్పష్టతకంటే ఆగకుండా తీసిన ఐదు సెకన్ల వీడియో ముఖ్యం. ఏ పురుగును ఆకారంతో చెప్పాలి, దేన్ని లక్షణంతో చెప్పాలి, దేన్ని నడకతో చెప్పాలి అన్నది మీకు తెలిసినంతగా ఏ చానెల్‌వాళ్లకీ తెలియదు. వీడియోలో మీ శాస్త్రం కనబడాల్సిన చోటు ఇదే.

ఎండ సంగతి మరిచిపోకూడదు. నడి మధ్యాహ్నం పొలంలో వెలుగు దాదాపు లక్ష లక్స్‌ ఉంటుంది, గదిలో కొన్ని వందలే. చవక ఫోన్‌ తెర ఆ వెలుగుతో పోటీ పడలేక అద్దంలా మారిపోతుంది. మందు డబ్బా మీద కాగితపు లేబుల్‌ విషయంలో ఎండ మేలే చేస్తుంది. కంటిపాప చిన్నదై చత్వారం ఉన్నవాళ్లకు కూడా అక్షరాలు కాస్త తేటపడతాయి. ఫోన్‌ విషయంలో అదే ఎండ ఉన్న తేడాలన్నీ చెరిపేస్తుంది. గట్టు మీద చెట్టు నీడలో చూడమని, తెర వెలుగు పూర్తిగా పెంచుకోమని వీడియోలో చెప్పడం చిన్నతనమేమీ కాదు.

పాత పద్ధతుల్లో కొన్ని ఈ లెక్కలో ఇప్పటికీ నెగ్గుతాయి. 1995లో ఈటీవీ వచ్చాక పొద్దున్నే అన్నదాత కార్యక్రమం చూసిన ఇళ్లలో ఉన్నవి 576 గీతల టీవీలు. 21 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల నుంచి చూస్తే బొమ్మ ఎత్తు కంటికి 7 డిగ్రీలకు పైగా ఆక్రమిస్తుంది. నిలువు ఫోన్‌లో హెచ్‌డీ వీడియో ఐదున్నర డిగ్రీలే. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్‌ రీసెర్చ్‌లో మొదలైన డిజిటల్‌ గ్రీన్‌, ఊరి రైతులతోనే వీడియోలు తీసి, చిన్న ప్రొజెక్టర్లతో గోడల మీద చూపించింది. మధ్యలో ఆపి, అర్థమైందా అని అడిగే మనిషి పక్కనే ఉండేవాడు. 3 మీటర్ల దూరంలో గోడ మీద 60 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ కంటికి ఫోన్‌కంటే రెండింతలు పెద్దది. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా నడుస్తున్నవాటికి టీవీలు ఇచ్చారు. ఆ టీవీల్లో వారానికొకసారి, ఆ వారం పంటకు సరిపోయే ఒక్క వీడియో ఆపి ఆపి చూపిస్తే, తర్వాత అదే వీడియోను ఫోన్‌లో చూసిన రైతుకు ఎక్కడ చూడాలో ముందే తెలిసి ఉంటుంది.

మీ నుంచి రైతుకు వెళ్లేదాని లెక్క ఇది. రైతు నుంచి మీకు వచ్చే ఫొటోలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ పిక్సెళ్లు నిజంగా కావాలి, ఎందుకంటే మీరు దాన్ని సాగదీసి చూస్తారు. వాట్సాప్‌ మామూలుగా ఫొటోను బాగా కుదించి పంపుతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ పంపే వీలు వచ్చింది కానీ దాన్ని పంపేవాళ్లే ఎంచుకోవాలి. డాక్యుమెంటుగా పంపితే ఫొటో ఉన్నదున్నట్టు చేరుతుంది. 2024 ఆగస్టు 15న కేంద్రం తెచ్చిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ కూడా రైతు తీసిన ఫొటో మీదే ఆధారపడుతుంది. ఫొటో ఎలా తీయాలో, ఎలా పంపాలో చెప్పే రెండు నిమిషాల వీడియో ఒకటి మీరే చేస్తే, మీ గ్రూపుల్లోకి వచ్చే మసక ఫొటోలు తగ్గి, జవాబు మొదటిసారే సరిగా వెళుతుంది.

చివరగా అద్దాలు. ఇది మీ శాఖ పని కాదనవచ్చు, కానీ మీరు అడిగితే వినేవాళ్లున్నారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూసిన పరిశోధన 2018లో లాన్సెట్‌ గ్లోబల్‌ హెల్త్‌లో వచ్చింది. అద్దాలు అందనివాళ్లతో పోలిస్తే అందుకున్నవాళ్ల కోత దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. మిరప కల్లాల్లో తాలు కాయలు ఏరే ఆడవాళ్ల పనీ అలాంటిదే, చూపు మీదే నడిచేది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊళ్లలోనే పరీక్షలు చేసి చదువుకునే అద్దాలు అక్కడికక్కడే ఇచ్చింది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన ఇలాంటి పథకం ముందు బడిపిల్లలతో, ఆ తర్వాత 60 దాటిన అవ్వాతాతలతో నడిచింది. ఫోన్‌ చూసి మందు కలిపే వయసు ఆ రెంటికీ మధ్యది. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర ఎల్‌.వి. ప్రసాద్‌ సంస్థ ప్రాంగణం మీకు దూరమేమీ కాదు. పంట సీజనుకు ముందు రైతు సేవా కేంద్రంలో ఒక రోజు కంటి పరీక్ష పెట్టించమని మీరు అడిగితే, యాభై ఏళ్ల రైతు మీ వీడియోను సగం చేయి దూరంలోనే పట్టుకుని చూడగలుగుతాడు.

మిరప నార్లు జులైలో పోస్తారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాట్లు, ఆ తర్వాత నెలన్నరకు పూత మొదలు. ఆ పూతకు ముందే నల్ల తామర పురుగు మీద కొత్త వీడియో ఒకటి తీయండి. బయటకు వదిలే ముందు యాభై దాటిన రైతుల్ని నలుగురిని పిలవండి. వాళ్ల సొంత ఫోన్లలో, ఫోన్‌ నిలువుగా పట్టుకునే, ఆరుబయట చూపించండి. పురుగెక్కడుందో వేలు పెట్టి చూపమనండి, మోతాదెంతో చదవమనండి. వాళ్లలో ఒక్కరు తడబడినా వీడియోను ఆపి, కెమెరాను ఇంకొంచెం దగ్గరకు జరిపి మళ్లీ తీయండి.


గుంటూరు, ప్రకాశం మిరప, పత్తి రైతుల తరఫున